పగటిపూట చెప్పకూడని కథలు

ఒమాన్‌లోని ఇబ్రిలో బడి వదిలే వేళకి ఎండ మనిషిని నిలబడనివ్వదు. ఆ వేళకి బస్సెక్కే పిల్లలకి ఒంట్లో ఓపిక ఉండదు, నోటికి మాత్రం బోలెడంత ఉంటుంది. ఆ బస్సులో డ్యూటీ టీచర్ని నేను. పొద్దుటినుంచి సైన్సు పాఠాలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయాక, ఇంకో గంటసేపు నలభై మంది పిల్లల గోల వినడం నా ఉద్యోగంలో భాగమని చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు. డ్రైవర్ ఇస్తారిది మా జగిత్యాల వైపే. ఆయన రోడ్డు తప్ప మరేదీ చూడడు. తలుపు దగ్గర నిలబడి పిల్లల్ని ఎక్కించి దించే మనిషి ఖమరుద్దీన్. నేను చెప్పబోయేది ఆయన గురించే.

ఖమరుద్దీన్‌ది ప్రొద్దుటూరు. అరవైకి దగ్గరపడ్డాడు. మోకాళ్లు అరిగిపోయాయి. ఆయన ఉద్యోగమేమో రోజంతా మెట్లు దిగడం, ఎక్కడం. పిల్లలంతా ఖమర్ చాచా అంటారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. ఎవరు కసురుకున్నా నోరెత్తేవాడు కాదు. చాలాకాలం నేను ఆయన్ని గమనించనే లేదని చెప్పాలి. అలిసిపోయినవాళ్లు ఇంకొక అలిసిపోయిన మనిషిని చూడరు.

ఆయన కథలు ఎక్కడివో తర్వాత తెలిసింది. చిన్నప్పుడు మదర్సాలో ఒక ముసలి మౌల్వీ ఆయనకి ఫార్సీ నేర్పాడట. ఆ భాష ప్రొద్దుటూరులో ఎందుకూ కొరగాలేదు. ఒమాన్ వచ్చి సహం అనే ఊళ్లో ఒక ఖర్జూరాల వ్యాపారి ఇంట్లో వంటపనికి కుదిరినప్పుడు మాత్రం పనికొచ్చింది. ఆ వ్యాపారి తల్లి సముద్రానికి అవతలి ఒడ్డు నుంచి, ఇరాన్ నుంచి, చిన్నప్పుడే పడవలో వచ్చిన మనిషి. దీపాలు పెట్టాక మనవలకి ఫార్సీలో కథలు చెప్పేది. ఖమరుద్దీన్ వంటింటి గుమ్మంలో గిన్నెలు తోముతూ వినేవాడు. మనవలు పెద్దవాళ్లై చేతుల్లోకి ఫోన్లు వచ్చాక వినేవాళ్లు లేకపోయారు. అప్పుడు ఆమె వంటవాణ్ని పిలిచి కూచోబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. చెప్పకపోతే ఆమెకి నిద్రపట్టేది కాదట. ఆమె పోయాక ఆ ఇంట్లో పనీ పోయింది. ఆయన ఇబ్రి వచ్చి మా బడి బస్సెక్కాడు.

ఒకరోజు దారిలో బస్సు ఏసీ ఆగిపోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా ఒక మసీదు నీడన ఆపుకున్నాం. చిన్నపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. నాకు తల పగిలిపోతోంది. అప్పుడు ఈయన ఉన్నట్టుండి, ఏడు గదుల ఇంట్లో ఏడో తలుపుకి గడియ వేయడం మరిచిపోయిన పిల్ల కథ ఎత్తుకున్నాడు. ఆ తలుపులోంచి దేవ్ వచ్చాడు. దేవ్ అంటే వాళ్ల కథల్లో రాక్షసుడు. బస్సంతా చప్పుడు లేదు. ఆ రోజు నుంచి పిల్లలు ఆయన్ని వదల్లేదు, నా చెవులకి కాస్త విశ్రాంతి దొరికింది.

ఈ కాలపు పిల్లలకి ఊరికే చెబితే కుదరదు. దేవ్ ఇంట్లో వైఫై ఉందా అని అడుగుతారు. రాజకుమారుడు నలభై రోజులు గుర్రం మీద ఎందుకు పోవాలి, విమానం లేదా అంటారు. చాచా సర్దుకున్నాడు. గుర్రాన్ని ల్యాండ్ క్రూజర్ చేశాడు. రాజకుమారిని బావిలోంచి కాకుండా మన సనయ్యాలో, అంటే షెడ్లూ వర్క్‌షాపులూ ఉండే వీధుల్లో, నీళ్ల ట్యాంకర్‌లోంచి బయటికి తెచ్చాడు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. అంతవరకు ఆయనకీ సరదాగానే ఉండేది.

తర్వాత ఒక పిల్లాడు దేవ్ కథ విని రాత్రి పక్క తడిపాడని తల్లి ఫిర్యాదు చేసింది. సూపర్‌వైజర్ మేడమ్ చాచాని పిలిపించి, కథలు మానొద్దు గానీ మార్చి చెప్పమంది. చావులు ఉండకూడదు. సవతి తల్లి ఉండకూడదు. ఎవరూ ఎవరినీ తినకూడదు. పైగా ఆమెకి ఇంకో ఆలోచన వచ్చింది. అలా మార్చిన కథల్ని పెద్దక్లాసు పిల్లలతో బొమ్మలు వేయించి చిన్న చిన్న పుస్తకాలుగా బడి తరఫున వేద్దామంది. చాచా సరేనన్నాడు. ఆయన దేనికి సరేననలేదు గనక.

అప్పటినుంచి ఆయనకి రోజూ అదే పని. పొద్దున బస్సు తలుపుకి ఆనుకుని మధ్యాహ్నం కథలోంచి ఏం తీసేయాలో ఆలోచించుకునేవాడు. దేవ్ మనుషుల్ని మానేసి పుచ్చకాయలు తినడం మొదలుపెట్టాడు. సవతి తల్లి పక్కింటి ఆంటీ అయింది. అన్నిటికంటే ఆయన్ని తిప్పలు పెట్టింది పసుపు ఆవు కథ. అసలు కథలో ఒక పిల్లకి తల్లి చచ్చిపోతుంది. ఆ తల్లే పసుపు ఆవై వచ్చి, పిల్లకి సవతి తల్లి వడకమని అప్పగించిన పత్తినంతా తిని, నోట్లోంచి దారం తీసి ఇస్తుంది. చివరికి ఆ ఆవునీ కోసేస్తారు. పిల్ల ఎముకలు ఏరి పాతిపెట్టి, కష్టం వచ్చినప్పుడల్లా అక్కడికి పోయి చెప్పుకుంటుంది. ఇందులో చావు తీసేస్తే ఏం మిగులుతుంది? తల్లి పుట్టింటికి పోయినట్టు, ఆవు పక్కవాళ్లది అయినట్టు, ఆఖర్న తల్లి సంచీల నిండా బహుమతులతో తిరిగొచ్చినట్టు మార్చాడు. అది బాగా నచ్చేసరికి మిగతా కథలకీ ఆ ముగింపే అతికించాడు. ఆయన కథల్లో పోయినవాళ్లంతా తిరిగొచ్చేవాళ్లు.

"ఉప్పు లేని కూర చేస్తాండానమ్మా," అన్నాడొకసారి నాతో. "తినేవాళ్లు తింటాండారు. చేసేవానికే వాంతికొస్తాది."

మూడో తరగతి ముస్కాన్ రోజూ మొదటి సీట్లో కూచునేది. వాళ్లదీ కడప జిల్లాయే, రాయచోటి. తండ్రి జావెద్ సనయ్యాలో బండ్ల ఏసీలు బాగుచేసే షాపు నడుపుతాడు. తల్లి నస్రీన్ గొంతులో గడ్డకి ఆపరేషన్ చేయించుకోవాలని చలికాలంలో ఊరికి పోయింది. ఆ ఆపరేషన్ బల్ల మీద నుంచి లేవలేదు. జావెద్ ఆ రాత్రే ఫ్లైట్ ఎక్కాడు. పిల్ల పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి వెళ్లి ఉండటంతో, తమ పై అంతస్తులో ఉండే అక్తరీ బేగం దగ్గర ముస్కాన్‌ని వదిలిపోయాడు. మట్టిచేసి తిరిగొచ్చాక మాత్రం పిల్లకి చెప్పలేకపోయాడు. అమ్మ కోలుకుంటోందన్నాడు. తర్వాత టికెట్ దొరకలేదన్నాడు. తర్వాత బయల్దేరబోతోందన్నాడు.

మాకందరికీ తెలుసు. ఆఫీసుకి తెలుసు, నాకు తెలుసు, ఇస్తారికి తెలుసు, చాచాకి తెలుసు. గల్ఫులో ఇదొక ఆచారమైపోయింది. చావు కబురు ఎవరూ ఎవరికీ నేరుగా చెప్పరు. సీరియస్‌గా ఉందంటారు, ఒకసారి వచ్చి చూసిపో అంటారు. పెద్దవాళ్లతోనే అలా ఉంటే ఎనిమిదేళ్ల పిల్లతో ఎవరు చెబుతారు? తండ్రి బతిమాలుకున్నాడు కాబట్టి మేం నోళ్లు కట్టేసుకున్నాం.

వేసవి మొదలవుతుండగా ముస్కాన్ మారిపోయింది. చాచా కథ ఎత్తుకోగానే చెవులు రెండూ మూసుకుని తల మోకాళ్లలో పెట్టుకునేది. రెండోరోజు లేచి నిలబడి, కథ చెప్పొద్దని అరిచింది. మూడోరోజు కథ కావాలని అడిగిన పిల్లని చెంప మీద కొట్టింది. నేను గట్టిగా కేకలేశాను. అది ఏడవలేదు, క్షమించమనీ అనలేదు. వెళ్లి ఇస్తారి పక్కన మెట్ల మీద కూచుని, బస్సు ఆగేదాకా చెవుల మీద నుంచి చేతులు తియ్యలేదు.

ఇంక చాచా కథలు ఆపేశాడు. బస్సు మళ్లీ సంతయింది. సూపర్‌వైజర్ మేడమ్ కథలెందుకు ఆగిపోయాయని అడిగితే గొంతు బాగోలేదన్నాడు. తర్వాతి వారం చివర్న, పిల్లలంతా దిగిపోయి ముస్కాన్ ఒక్కతే మిగిలాక, ఆయన నొప్పి మోకాళ్లతోనే ఆ పిల్ల ముందు కింద కూచుని, నా కథలతో నీకేం కోపమమ్మా అని అడిగాడు.

"అక్తరీ నానీ చెప్పింది. పగలు కథ చెప్తే దావలో ఉండేవాళ్లు దావ తప్పిపోతారంట," అంది ముస్కాన్. "నీ కథల్లో అందురి అమ్మలూ వస్తారు. మా అమ్మీ ఒక్కతే రాల్యా. నువ్వు పగలు చెప్తివి, నేను నవ్వుకుంటా విన్యా. అందుకే రాల్యా."

ఆ నమ్మకం ఆయనకి తెలియనిది కాదు. వాళ్లిళ్లల్లో పిల్లలు మధ్యాహ్నంపూట కథ కావాలని వేధిస్తే పెద్దవాళ్లు తప్పించుకోవడానికి చెప్పే మాటే అది. సహంలో ఆ ముసలమ్మ కూడా దీపాలు పెట్టాకే చెప్పేది. బస్సులో చెప్పాల్సి వచ్చింది కాబట్టి ఈయన దాన్ని పక్కన పెట్టేశాడు. ఆయన ముఖం చూసి నాకు భయమేసింది. ముస్కాన్ దిగాక తలుపు వేసి, సీటు కడ్డీ పట్టుకుని నిలబడిపోయాడు. తల్లి చనిపోయిందన్న దుఃఖం ఆ పిల్లకి ఎప్పటికైనా తప్పదు. కాని తల్లిని నేనే దారి తప్పించానని రోజూ కుమిలిపోవడం మాత్రం మా అందరి పుణ్యమే. నాకు జావెద్ మీద ఒళ్లు మండిపోయింది. అంతకంటే ఎక్కువగా మా అందరి మంచితనం మీద.

శుక్రవారం సాయంత్రం చాచా నన్ను వెంటబెట్టుకుని జావెద్ షాపుకి పోయాడు. టీచరు మాటకి విలువ ఉంటుందని ఆయన నమ్మకం. జావెద్ ఒక పికప్ బానెట్ కింద తలదూర్చి ఉన్నాడు. మనిషి సగమైపోయాడు, గడ్డం పెరిగిపోయింది. చాచా జరిగింది చెప్పి, పిల్లకి నిజం చెప్పెయ్యమన్నాడు. జావెద్ వినలేదు. పరీక్షలవనీ అన్నాడు, రంజాన్ పోనీ అన్నాడు, వచ్చే సెలవుల్లో ఊరికి తీసుకుపోయి అక్కడ చెబుతానన్నాడు. టీచర్ని కాబట్టి పిల్లల మనసు గురించి ఏవేవో చెప్పబోయాను. ఆయన తల వంచుకుని స్పానర్ తుడుచుకుంటూ ఉండిపోయాడు.

అప్పుడే పనిముట్ల పెట్టెలో ఒక ఫోన్ కుయ్‌మంది. జావెద్ దానివైపు చూసి మావైపు చూశాడు. అది నస్రీన్ ఫోన్. ముస్కాన్ అక్తరీ బేగం ఫోన్‌లోంచి తల్లికి వాయిస్ మెసేజీలు పంపుతుంది. ఆపరేషనైంది కాబట్టి డాక్టరు మాట్లాడొద్దన్నాడని చెప్పి, ఈయన నస్రీన్ పేరుతో నాలుగు ముక్కలు టైపు చేసి పంపుతాడు. ఇన్ని నెలలుగా ఇలాగే నడిపిస్తున్నాడట. ఈసారి మా ముందే నొక్కాడు. ఎందుకు నొక్కాడో నాకు తెలియదు. ఒక్కడే మొయ్యలేక అయ్యుంటుంది.

"అమ్మీ," అంది ముస్కాన్ గొంతు. "ఈ వారమంతా బస్సులో ఒక్క కథ గూడా చెప్పనీల్యా. ఇప్పుడు నువ్వు రావచ్చు. దావ బాగుంటాది."

జావెద్ అలాగే నేల మీద కూలబడిపోయాడు. గ్రీజు చేతులతోనే ముఖం కప్పుకున్నాడు. పక్క షాపులో ఎవరో టైరు మీద సుత్తితో కొడుతూనే ఉన్నారు. కాసేపటికి తల ఎత్తి చాచా కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"మీరే చెప్పండి చాచా. కథ మాదిరి చెప్పేయండి. నాతో కాదు."

"కథయితే చెప్తా," అన్నాడు ఖమరుద్దీన్. "తీసేసిండేదంతా మళ్లా పెట్టి చెప్తా. అయితే ఆ ఒక్క మాటా నీ నోటినుంచే రావాల. కథ చెప్పేవాడు చెప్తే అదీ కథే అనుకుంటాది."

మర్నాడు సాయంత్రం జావెద్ ఇంట్లో కూచున్నాం. అక్తరీ బేగం కూడా కిందికొచ్చింది. తన మాట ఇంతపని చేసిందని ఆమె అప్పటికే ఏడ్చి ఏడ్చి కళ్లు వాపు తెచ్చుకుంది. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయింది. చాచా కథ చెప్పబోతున్నాడని తెలిసి ముస్కాన్ కిటికీ పరదా తొలగించి, బయట పూర్తిగా చీకటి పడిందో లేదో చూసింది. వీధిదీపాలు వెలిగాయని రూఢి చేసుకున్నాకే వచ్చి కూచుంది.

ఖమరుద్దీన్ ఆ సహం ముసలమ్మ మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాడు. ఉండేవాళ్లు ఉన్నారు, లేనివాళ్లు లేరు, అన్నిటికీ ముందు ఉన్నది అల్లా ఒక్కడే అన్నాడు. బస్సులో ఎప్పుడూ అలా అనలేదు. ల్యాండ్ క్రూజర్ లేదు, ట్యాంకర్ లేదు. గొంతు పెద్దది చెయ్యలేదు. తల్లికి జబ్బు చేయడం చెప్పాడు. పిల్ల గుమ్మంలో కూచుని ఎదురుచూడటం చెప్పాడు. పసుపు ఆవు, పత్తి, దారం, కత్తి, ఎముకలు ఏవీ వదల్లేదు. పాతిపెట్టిన చోటికి పిల్ల రోజూ పోయి కూచుని మాట్లాడుకునేదని చెప్పి ఆపాడు. ఆ పూట ఆయన ఎంత అలిసిపోయి ఉన్నా, ఎన్నో నెలల తర్వాత ఇష్టపడి చెప్పాడని నాకనిపించింది.

ఆవు మళ్లీ లేచి వస్తుందా అని ముస్కాన్ అడిగింది. రాదన్నాడు. బస్సులో చెప్పినప్పుడు అమ్మ తిరిగొచ్చింది కదా అంది. అది తానే మార్చానన్నాడు. ఎందుకు మార్చావంటే, మీరు భయపడతారనుకున్నానన్నాడు. ముస్కాన్ మెల్లగా తల తిప్పి తండ్రి వైపు చూసింది. ఇంక దాక్కోవడానికి ఆయనకి చోటు లేకపోయింది.

జావెద్ జేబులోంచి నస్రీన్ ఫోన్ తీసి కూతురి ఒళ్లో పెట్టాడు.

"అమ్మీ పోయింది బేటా. ఇందులో రాసేది నేనే," అన్నాడు. "అమ్మీ దావ తప్పల్యా. దావ పట్టనే ల్యా. ఆపరేషన్ నాడే అయిపోయింది. కథలకీ దానికీ ఏం సంబంధం ల్యా."

ముస్కాన్ ఫోన్ తిప్పి చూసుకుంది. తాను పంపినవన్నీ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. తర్వాత ఏడ్చింది. పిల్లల ఏడుపులు నాకు కొత్తకాదు గానీ ఆ ఏడుపు విని నేను బయటికి పోయి మెట్ల మీద నిలబడ్డాను. లోపల జావెద్ కూడా ఏడుస్తున్నాడు. నస్రీన్ పోయాక ఆ ఇంట్లో వాళ్లిద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి. చాచా గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు.  తిరిగొచ్చేటప్పుడు టాక్సీ దిగేముందు, ఆ పుస్తకాలకి తన పేరు వెయ్యొద్దని సూపర్‌వైజర్ మేడమ్‌తో చెప్పమన్నాడు. నేను చెప్పాను. ఆమెకి అర్థం కాలేదు. పుస్తకాలు పేరు లేకుండానే వచ్చాయి, బొమ్మలు బాగున్నాయని అందరూ మెచ్చుకున్నారు.

ముస్కాన్ కొన్నాళ్లు బడికి రాలేదు. ఆ రోజుల్లో చాచా కథ చెప్పలేదు, పిల్లలు అడగనూ లేదు. వాళ్లకి ఎవరు చెప్పారో గానీ, ఎలాగో తెలిసింది. ఆయన తలుపు దగ్గర నిలబడి ఎక్కేవాళ్లని ఎక్కించి దిగేవాళ్లని దించుతున్నాడు. మోకాళ్లు మరీ మొరాయిస్తున్నాయని, ఈ సంవత్సరంతో చాలించుకుని ఊరికి పోతానని నాతో అన్నాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం ముస్కాన్ బస్సెక్కింది. జడ వంకరగా ఉంది, తండ్రి వేసినట్టుంది. తన మొదటి సీట్లో కూచుంది. వెనకాల పిల్లలు ఆ పిల్లని చూసి గుసగుసలు కూడా మానేశారు. బస్సు రౌండబౌట్ దాటి సనయ్యా వైపు తిరిగింది. ముస్కాన్ లేచి, కడ్డీ పట్టుకుని తలుపు దాకా పోయి, చాచా చొక్కా పట్టి లాగింది. కథ చెప్పమంది.

ఆయన కిందికి వంగి, బయట ఎండ చూపించాడు. ఇంకా పగలే కదమ్మా అన్నాడు.

"పర్వాల్యా, చెప్పు చాచా," అంది ముస్కాన్. "దావలో మావాళ్లు ఎవురూ లేరు."